తెరకు ఇవతలి చెవులు

పూలు తెప్పించాలి. పత్రికలవాళ్లను పిలవాలి. క్షమాపణ ఫలకం మీద పేరు తప్పు లేకుండా చెక్కించాలి. ఉద్యోగం కోసం వాయించడానికి వచ్చేవాళ్ల అడుగుల చప్పుడు వినబడకుండా తెర వెనక తివాచీ పరిపించాలి. ఇవన్నీ అయ్యాక ఆర్కెస్ట్రా అధ్యక్షుడు హాస్కెల్ ఎవరికీ చెప్పకుండా ఇంకో పని కూడా చేశాడు. వాయించే వరసలో వర్నెల్ టిబ్స్‌ది ఎన్నో నంబరో కనుక్కున్నాడు.

“రెండు,” అన్నాడు, న్యాయనిర్ణేతల బల్ల దగ్గర కూర్చుంటూ.

“ఎవరో తెలియకూడదనే కదండీ తెర కట్టేది?” అంది పక్కనున్న ఇంగ్రిడ్.

“తెలియకపోతే ఎలాగమ్మా? అరవై ఏళ్ల కిందట వర్నెల్‌ని నల్లమ్మాయని చెప్పి, వయొలిన్ పెట్టె తెరవనివ్వకుండానే గుమ్మంలోంచి పంపేశాం. ఇవాళ మళ్లీ తప్పిస్తే ఈ ఊళ్లో మన మొహం ఎవరు చూస్తారు?”

“ఆవిడ మార్కులు అడగలేదుగా. ఫలకం నాకెందుకు, అందరితోపాటే తెర వెనక వాయిస్తాను, ఒక్కసారి పూర్తిగా వినండి చాలు అంది.”

“వింటాం. విని నూటికి నూరు వేస్తాం.”

మొదటి వయొలిన్ మొదలైంది. నెమ్మదిగా, ఎవరినీ బతిమాలకుండా సాగుతోంది. ఇంగ్రిడ్ పెన్సిల్ కింద పెట్టేసింది.

“ఎవరో గానీ బాగుందండీ. కాసేపు విందాం.”

“బయట ఫొటోలవాళ్లు కాచుకుని ఉన్నారు. మనక్కావలసింది ఈ మనిషి కాదు.”

హాస్కెల్ గంట కొట్టాడు. నాదం సగంలో తెగింది.

తర్వాతి వయొలిన్ మొదట్లోనే శ్రుతి తప్పింది. హాస్కెల్ కళ్లు తుడుచుకున్నాడు.

“అరవై ఏళ్ల బాధ! కమానులో ఎలా పలుకుతోందో విన్నారా?”

“నాకైతే శ్రుతి తప్పినట్టు...”

“బాధంటే అదేనమ్మా!”

నూటికి నూరు పడ్డాయి. పత్రికలవాళ్లు లోపలికొచ్చారు. హాస్కెల్ పూలగుత్తి పట్టుకుని, గొంతు సవరించుకుని, తనే తెర లాగాడు.

ఎర్రజుట్టు మనిషొకడు కుర్చీలోంచి కంగారుగా లేచాడు.

“నేను పళ్ల డాక్టర్ని సార్. సరదాకి వాయిస్తుంటాను. ఉద్యోగం నాకే ఇచ్చేశారా?”

“రెండో నంబరు నీదెలా అయిందయ్యా?”

“బయట ఒక పెద్దావిడ నంబరు చీటీలు మార్చుకుందామా బాబూ అన్నారు. సరేనన్నాను.”

హాస్కెల్ చేతిలో పూలు కిందికి వాలాయి.

“మరి... ఆవిడకిచ్చిన నీ చీటీ మీద ఏ నంబరుంది?”

సగంలో తెగిన ఆ మొదటి వయొలిన్‌ను మీరైనా గుర్తుంచుకోండి.