ఆఖరి అప్‌గ్రేడ్

ఇళ్లను నడిపే కంప్యూటరు వ్యవస్థను మార్చే రోజున, కాకినాడలోని ఆ అపార్ట్‌మెంటులో పొయ్యి, ఫ్యాను, లిఫ్టు అన్నీ ఆగిపోయేవి. అన్ని ఫ్లాట్లవాళ్లూ అంగీకారం తెలిపేదాకా అంతే. జనం కుర్చీలు తెచ్చుకుని వరండాలో చేరేవారు. ఫిజిక్సు లెక్చరరుగా రిటైరైన పరాంకుశం ఈ నిర్బంధపు అప్‌గ్రేడ్లను బాహాటంగా తిట్టేవాడు. లోలోపల వాటికోసమే ఎదురుచూసేవాడు. తక్కిన రోజుల్లో ఆయనతో మాట్లాడేది ఆయన ఇల్లొక్కటే.

ఇవాళ్టిదే ఆఖరిది. ఇకపై మార్పులు ఏదీ ఆగకుండానే జరిగిపోతాయట. అందరూ ఒప్పుకున్నారు, ఆయన తప్ప.

"మా నాన్న తెచ్చిన మొదటి కంప్యూటరుకి ప్రోగ్రాము టేప్‌రికార్డరులోంచి ఎక్కాలి. అది కీచుమంటుంటే వీధంతా మా ముందుగదిలోనే కూర్చునేది," అన్నాడు పరాంకుశం వరండాలో కూర్చుని.

"ఎక్కేదాండీ?" అంది ఎదురు ఫ్లాటు హాసిని.

"సగంసార్లు ఎక్కేది కాదు. మళ్లీ మొదటినుంచీ. అయినా ఎవరూ లేచేవారు కాదు."

అందరూ నవ్వారు.

"మాస్టారూ, మా పప్పు సగం ఉడికి ఆగిపోయిందండీ. పిల్లలు ఆకలంటున్నారు. ఆ బటనేదో నొక్కేద్దురూ, పుణ్యముంటుంది," అంది హాసిని.

"పుణ్యాన్ని నమ్మనమ్మా. ఆకలిని నమ్ముతాను," అంటూ లోపలికి వెళ్లి నొక్కాడు.

ఫ్యాన్లు తిరిగాయి. ఆయన మళ్లీ బయటికి వచ్చేసరికి కుర్చీలు లేవు. తలుపులు ఒక్కొక్కటే మూసుకుంటున్నాయి. ఖాళీ వరండాలో నిలబడిన ఆయనతో, వెనకనుంచి ఇల్లు మర్యాదగా చెప్పింది:

"ధన్యవాదాలు. ఇకమీదట మీ అంగీకారం కోసం మిమ్మల్ని ఇబ్బంది పెట్టం."