పొట్టిది, పొడుగుది, మూడు పొట్టివి

“వెంటిలేటరు తీసేద్దామా?” డాక్టరు బెంగాలీలో మళ్లీ అడిగాడు.

భర్త శ్యామసుందర్ వేలి కింద లాప్‌టాప్ పెట్టి, ఒక్క మాటైనా రాయమని లలిత పొద్దుటినుంచీ ప్రాధేయపడుతోంది. తెరమీద ఒకటే అక్షరం పడుతోంది: క కకకకకక క క క.

“వేలు వణుకుతోందమ్మా, అంతే. ఇంక ఒప్పుకో,” అంది కూతురు మౌక్తిక ఏడుస్తూ.

లలిత తల ఊపబోయింది. అంతలో అదే వరుస మళ్లీ పడింది.

“ఏటే, వణుకేటి? మీట నొక్కి ఉంచితేనే కదా అక్షరం బారుగా పడుతుంది! పొట్టిది, పొడుగుది, మూడు పొట్టివి. ఖిదిర్‌పూర్ క్వార్టర్లో అన్నానికి పిలిస్తే, హామ్ రేడియో ముందు కూచుని బల్లమీద మీ నాన్న మోర్స్ కోడ్‌లో ఇలాగే కొట్టీవోరు!”

“అంటే?”

“ఆగు అని. ఎన్నిసార్లు తిట్టుకున్నానో!”

లలిత మంచానికి అడ్డంగా నిలబడింది.

“దాఁడాన్, డాక్టర్‌బాబూ! ఆగమంటన్నారు.”