కిటికీ వైపు అయిదడుగులు

మునిసిపల్ కమిషనరు స్థలం చూడ్డానికి వచ్చేది పక్కింటి నూకయ్య సంతకెళ్ళే రోజే అయ్యేట్టు అసిరమ్మ చూసుకుంది. ఆఫీసు గుమాస్తా ఇంటికి ఓ పనసపండు పంపింది. పని జరిగింది.

అరవై ఎనిమిదో సంవత్సరం మే నెల సగమైపోయింది. తనూ మొగుడు సోములూ కలిసి కోసి, ఎండబెట్టిన పచ్చి ఇటుకలు స్థలంలో నాలుగు వరసలు పేర్చి ఉన్నాయి. ఒక్క గట్టి వాన పడితే అవి మళ్ళీ మట్టే.

సోములు తాపీమేస్త్రి. ఊళ్ళో ఎందరికో ఇళ్ళు కట్టాడు. పెళ్ళాం మాత్రం పద్నాలుగేళ్ళుగా అద్దె వసారాల్లో వండుకుంటోంది. ఇంటావిడ నూతిలో చేద వేయనిచ్చే వేళకు లేవాలి. ఆవిడ పడుకునే వేళకు దీపం ఆర్పాలి.

"ఇల్లు కట్టే మేస్త్రీ పెళ్ళానివి, నీకో ఇల్లు లేదేటే?" అని ఆవిడ నవ్వినప్పుడల్లా అసిరమ్మకు ఒళ్ళు మండేది.

తీరా ప్లాను పెడితే మునిసిపాలిటీ తిరగ్గొట్టింది. పక్కింటి నూకయ్య అభ్యంతరం రాసిచ్చాడు. "మా తల్లి దాలమ్మ వెనకగదిలో ఉంటుంది. ఆ గదికి ఉన్నది ఒక్కటే కిటికీ. పక్కన ఇల్లు లేస్తే అది మూసుకుపోతుంది." కిటికీ వైపు అయిదడుగులు వదలాల్సిందేనన్నాడు ఓవర్సీరు. ఉన్నదే పన్నెండడుగుల స్థలం. అయిదు వదిలితే మిగిలేది ఇల్లు కాదు, సందు.

అసిరమ్మ ఊరుకోలేదు. కమిషనరుకు అప్పీలు పెట్టింది.

"ఇంకో దారేదైనా సూద్దామే," అన్నాడు సోములు, కమిషనరు వచ్చే రోజు పొద్దున.

"ఏటి దారి? ఆకాశంలో కడతావేటి?"

"ఆ కిటికీకి అడ్డంగా గోడెట్టడానికి నాకు సేతులు రావే."

"తాపీ నాకియ్యి. నాను ఎడతాను."

కమిషనరు నెల కిందటే గుంటూరు నుంచి బదిలీ మీద వచ్చాడు. మెత్తని మనిషి. గొడుగు కింద నిలబడి టేపు పట్టించాడు. కొలతలన్నీ అయ్యాక కిటికీ దగ్గర ఆగాడు.

లోపల నులకమంచం మీద దాలమ్మ కూర్చుని ఉంది. చెయ్యి చాపి కిటికీ గట్టు మీద పెట్టుకుంది. చేతి మీద ఎండ పడుతోంది. ఆ ఎండ మోచేతి నుంచి మణికట్టుకు జారితే చోడి అంబలి తాగే వేళ. వేళ్ళ కొసలు కూడా వదిలేస్తే మధ్యాహ్నం. ముసలామెకు గడియారం అదొక్కటే. ఆ సంగతి అసిరమ్మకు తెలుసు.

"పెద్దావిడ కూర్చునే చోటు ఇదేనా? వెలుతురంతా పోతుంది కదమ్మా," అన్నాడు కమిషనరు.

"ఆ ముసిల్దానికి సూపే లేదు బాబూ. అయిదేళ్ళయినాది. గుడ్డిదానికి ఎలుతురెందుకు?"

"బొత్తిగా కనపడదా?"

అసిరమ్మ బొడ్డులోంచి అగ్గిపెట్టె తీసింది. పుల్ల గీసి, ఊచల మధ్య నుంచి చెయ్యి దూర్చి, ఆ కళ్ళకు జానెడు దూరంలో పట్టింది. రెప్ప పడలేదు. దాలమ్మ మొహం మాత్రం గాజుల చప్పుడు వైపు తిరిగింది.

"సూసినారా? ఇంక రాదని నరసన్నపేట డాట్రే సెప్పేసినాడు."

సోములు ఇటుకల వరస వెనక్కి పోయి నిలబడ్డాడు.

"సరే. కానీ నూకయ్య అభ్యంతరం అలాగే ఉందిగా?"

"ఇంటిపన్ను రసీదు దాలమ్మ పేరునొస్తాది బాబూ. ఇల్లు ఆవిడది. మజ్జిన నూకయ్యెవుడు? ఆవిడ్నే అడగండి."

ఓవర్సీరు రిజిస్టరు తిరగేసి తలూపాడు. నిజమే.

కమిషనరు కిటికీ దగ్గరికి వంగాడు. "అవ్వా, ఇక్కడ గోడ లేస్తుందట. నీ గదికి గాలీ ఎండా రావు. నీకిష్టం లేకపోతే లేదని చెప్పు. ఈ అప్పీలు ఇప్పుడే కొట్టేస్తాను."

అసిరమ్మ ఇటుకల వైపు చూసింది. ముసల్ది కాదంటే ఇటుకలన్నీ మట్టే.

దాలమ్మ చెయ్యి వెల్లకిలా తిప్పింది. అరచేతిలో ఎండను కాసేపు అలా ఉండనిచ్చింది.

"ఇల్లేనా బాబూ, కడతారు?"

"ఇల్లే."

"పొయ్యి ఎటేపు ఎడతారో?"

ఓవర్సీరు ప్లాను విప్పి చూశాడు. "ఈ గోడకే, అవ్వా."

"మరింకేటి! గోడ ఎచ్చబడితే అంబలేల అయినాదని తెలుస్తాది." ముసలామె బోసినోటితో నవ్వింది. "కట్టుకోనీయండి."

గుమాస్తా మోకాలి మీద అట్ట పెట్టుకుని సమ్మతి కాగితం రాశాడు. ఊచల్లోంచి ముసలి బొటనవేలు పట్టుకుని సిరా పులిమాడు. వేలిముద్ర పడింది. అసిరమ్మ అప్పుడే తాడు పట్టుకుని, కిటికీని ఆనుకునే, గోడకు గీత గీస్తోంది.

"ఒక్క గడి ఖాళీగా ఉండిపోయిందవ్వా," అన్నాడు గుమాస్తా కలం సవరించుకుని. "దరఖాస్తుదారు అసిరమ్మకి నువ్వేమవుతావు? ఉత్త పొరుగేనా, ఏమైనా చుట్టరికం ఉందా?"

దాలమ్మ సిరా వేలు చీరకు తుడుచుకుంటూ, "కన్నతల్లిని బాబూ," అంది.