కామా తర్వాతి అంకె

గుండ్రటి రొట్టె బల్ల మీద పొగలు కక్కుతోంది. పక్కన గిన్నెలో మీగడ.

ఎసెంగుల్ రొట్టెను ముట్టుకోలేదు.

గడప తొక్కినవాడు పగవాడైనా సరే, ఒక ముక్క తుంచి నోట్లో వేసుకోవాలి. ఆ సంగతి తెలియని మనిషి నారిన్ లోయలో పుట్టలేదు. ఎసెంగుల్‌కూ తెలుసు. తెలిసే చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

"టీ అయినా తాగు నాన్నా," అంది సైకాల్.

"తాగడానికి రాలేదు. ఆ కంప్యూటర్ తియ్యి."

పోయిన ఆదివారం గుర్రప్పందెంలో ఎసెంగుల్ ఎర్ర గుర్రమూ, అతని వియ్యంకుడు తొక్తోసున్ నల్ల గుర్రమూ ఒక్కసారే గీత దాటాయి. బోర్డు మీద రెండింటికీ ఒకే సమయం పడింది. పద్దెనిమిది నిమిషాల నలభై రెండు కామా మూడు సెకన్లు. ఆ లోయలో దశాంశానికి చుక్క పెట్టరు, కామా పెడతారు.

సమానం అన్నారు పెద్దలు. వియ్యానికైనా కయ్యానికైనా సమవుజ్జీ ఉండాలని జనం నవ్వి చప్పట్లు కొట్టారు.

ఎర్ర గుర్రానికి వయసు మీద పడింది. అదే దాని ఆఖరి పందెం.

బోర్డు మీద అంకెలు చూపించే ప్రోగ్రాం రాసింది సైకాల్. ఎసెంగుల్ కన్న కూతురు, తొక్తోసున్ ఇంటి కోడలు. అనుమానం పుట్టింది అక్కడే.

"కామా తర్వాత ఒక్క అంకే ఎందుకు పెట్టావు?"

"కమిటీవాళ్లు అంతే చాలన్నారు. మిగతా అంకెలు లోపల ఉంటాయి నాన్నా. బోర్డు మీదికి వచ్చేటప్పుడు దగ్గరి అంకెకు సర్దుతుంది."

"సర్దుతుందా, మింగుతుందా?"

"నాన్నా!"

"ఆ మింగిన దాంట్లోనే నా గెలుపు ఉంది. మెట్టినింటి ఉప్పు తింటున్నావుగా, ఎందుకు చూపిస్తావులే."

సైకాల్ ముఖం పాలిపోయింది. అన్న తర్వాత ఎసెంగుల్‌కూ మనసు చివుక్కుమంది. కానీ అనుమానం పెనుభూతం, వెనక్కి తగ్గనివ్వలేదు.

కిటికీ బయట తొక్తోసున్ నల్ల గుర్రం ఒళ్లు తోముతూ ఈల వేస్తున్నాడు.

సమానంగా వచ్చినవాడికి అంత హుషారు దేనికి?

"చూడకపోతేనే మంచిది నాన్నా."

"అదిగో! ఏదో ఉందన్నమాట."

సైకాల్ కంప్యూటర్ తెరిచి, ప్రోగ్రాంలో ఒక వరుసలో 1 అంకె చెరిపి 2 కొట్టింది. తెర తండ్రి వైపు తిప్పింది.

ఎర్ర గుర్రం: 42,31.

నల్ల గుర్రం: 42,26.

ఎసెంగుల్ చదివాడు. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చదివాడు. ముందు వచ్చిందెవరో గుర్రాలవాడికి ఒకరు చెప్పాలా?

పొయ్యి మీద నీళ్లు మరుగుతున్నాయి.

"మీ మామగారికి తెలుసా?"

"పందెం మర్నాడే వచ్చి కూర్చున్నారు. పుట్టింటి మీద ప్రేమతో అంకె దాచానని ఆయన అనుమానం."

"చూశాడా?"

"చూశారు."

"ఏమన్నాడు?"

"ఒక్క అంకె చాలమ్మా, మళ్లీ అలాగే పెట్టెయ్ అన్నారు. మీ నాన్నకు చెప్పకు అన్నారు."

ఎసెంగుల్ కూతురి ముఖంలోకి చూడలేకపోయాడు.

బయట ఈల ఆగింది. తడి చేతులు చొక్కాకు తుడుచుకుంటూ తొక్తోసున్ లోపలికి వచ్చాడు.

"ఏం బావగారూ, రొట్టె ఇంకా తుంచలేదే! మా పిండి మీద కూడా అనుమానమేనా?"

ఎసెంగుల్ చెయ్యి చాచి కంప్యూటర్ మూత దించేశాడు.

"ఏమిటీ, తండ్రీకూతుళ్లు ఏం చూస్తున్నారు?"

ఏముంది, సమానమే కదా అందామనుకున్నాడు.

రొట్టె అందుకుని రెండుగా తుంచాడు. ముక్కలు సమంగా రాలేదు.

పెద్దది తొక్తోసున్ చేతిలో పెట్టాడు.