చెయ్యి తిరగనిది

"ఇది చొక్కానా, దోమతెరా?" మేస్త్రి చిరుగులోంచి చిటికెనవేలు బయటికి పెట్టి ఆడించాడు.

మిషన్ల దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు. చిన్నది తల వంచుకుంది. ఎనిమిదేళ్ళ ఆ పిల్లకి పనిలో అదే మొదటిరోజు. కుట్టిన చొక్కాలకి అక్కడక్కడా వేలాడే దారాలు కత్తిరించాలి, అంతే. చిరిగినవి అప్పుడే పక్కన కుప్ప పడ్డాయి.

"దారాన్ని లాగకూడదే పిల్లా. లాగితే గుడ్డ ముడతపడి కత్తెరలోకి వచ్చేస్తుంది. మీ అక్క చెప్పలేదూ?"

చిన్నది నోరు తెరవబోయింది.

"చెప్పాను. దాని బుర్రకెక్కలేదు," అంది పక్కనే కూర్చున్న పెద్దది, తలెత్తకుండా. దాని కత్తెర ఆగలేదు. బొటనవేలు కాయకాసి, అక్కడ స్పర్శ పోయి చాలాకాలమైంది. ఒక చొక్కా వస్తోంది, ఒక చొక్కా పోతోంది.

ఇస్త్రీ బల్ల దగ్గర్నుంచి అమ్మ పరుగున వచ్చింది.

"అన్నా, ఇంకొక్క పూట చూడన్నా. దీని అక్కకి ఈ వయసుకే చెయ్యి తిరిగిపోయిందని నువ్వే అన్నావు కదా!"

"అక్కది బంగారంలాంటి చెయ్యి. అది చూసే కదా చెల్లెల్నీ తెమ్మన్నాను! ఈ చేతికి కత్తెరిస్తే నేను కొట్టు మూసుకోవాలి. తీసుకుపో తల్లీ, నీకు పుణ్యముంటుంది."

అమ్మ చిన్నదాని వీపు మీద ఒక్కటిచ్చింది. "నలుగురిలో పరువు తీశావు కదే! ఏ పనికీ రానిదాన్ని ఇంట్లో పెట్టుకుని ఏం చేసుకోను? రేపట్నుంచి మళ్ళీ ఆ బడికే తగలడు!"

"నేనూ అక్కలాగే చేస్తానమ్మా..." చిన్నది వెక్కివెక్కి ఏడ్చింది. ఇక బడితో పనిలేదని నిన్ననే పుస్తకాల సంచీని పక్కింటి పిల్లకి ఇచ్చేసింది కూడా.

పెద్దది ఇంకో చొక్కా అందుకుంది.

"చెల్లెలు అంతలా ఏడుస్తుంటే బెల్లంకొట్టిన రాయిలా కూర్చుంది చూడు," అని గుండీలు కుట్టే అవ్వ నొచ్చుకుంది. పెద్దది అవ్వ వైపూ చూడలేదు.

"ఆ ఏడుపు వినలేను. వీధి చివరిదాకా దిగబెట్టి రా," అన్నాడు మేస్త్రి పెద్దదానితో.

ఇద్దరూ మెట్లు దిగారు. వీధి చివర పెద్దది ఆగి, చెల్లెలి చెంపలు అరచేత్తో తుడిచింది.

"పక్కింటికెళ్ళి నీ సంచీ అడిగి తెచ్చుకో."

చిన్నది ముక్కు ఎగబీల్చి, అక్క మొహంలోకి చూసింది.

"నువ్వు నేర్పినట్టే, గుడ్డ ముడతపడేదాకా దారం లాగి మరీ కత్తిరించాను కదక్కా. మరి నువ్వెప్పుడూ అలా కత్తిరించవేం?"