నష్టాల్లో ఉన్న ఆఫీసు

శ్రీరామ్మూర్తి ఏసీ గదిలో ఫ్యాక్టరీ బ్యాలెన్స్ షీటు ముందేసుకుని కూర్చున్నాడు. ఎర్ర పెన్సిల్‌తో అక్కడక్కడా గీతలు పెడుతున్నాడు. ఆటోనగర్‌లోని ఆ ఫ్యాక్టరీ జీతాల మీద చర్చలు రేపే. కింద షెడ్డులో కార్మికులు అప్పుడే పోగవుతున్నారు. ఆ గోల పైకి వినిపిస్తోంది. ఆయన కర్టెన్ తొలగించి ఓసారి చూసి, మళ్లీ వేసేశాడు. అంకెల మీద ఉన్న శ్రద్ధ మనుషుల మీద ఆయనకు ఎన్నడూ లేదు.

సమీనా తలుపు తట్టి లోపలికి వచ్చింది. ఆ ఆఫీసులో టైపు చేసేది ఆమే. ఫోనెత్తేదీ, టీ కాచేదీ కూడా ఆమే. జీతం మాత్రం ఒక్క పనికే.

"మళ్లీ జీతం సంగతేనా?" తలెత్తకుండానే అడిగాడు.

"అవును సార్. నాలుగేళ్లయింది పెంచి. పాత పోస్టాఫీసు కాడ మా ఇంటి ఓనరు అద్దె పెంచీసేడు. కట్టలేకపోతే ఈ నెలాఖరుకి ఖాళీ సెయ్యమంటన్నాడు."

"నన్నేటి సెయ్యమంటావు? మనమే నష్టాల్లో ఉన్నాం."

నష్టాల్లో ఉన్నాడట. పొట్ట చూస్తే ఆ ఛాయలేమీ లేవు. వేళ్లకు ఉంగరాలు పట్టక, ఒకటి చిటికెన వేలికి దిగింది.

"నష్టమంటే సరిపోదు సార్. లెక్కలు సూపించండి," అంది సమీనా. "ఏసీకి డబ్బులున్నాయి. కొత్త కారుకున్నాయి. జీతాల కాడికొచ్చేసరికి ఏటైపోయాయి?"

పెన్సిల్ ఆగింది.

"ఈ మాటలు నీకెవులు నేర్పేరు?"

సమీనా ఆయన మొహం వైపే చూస్తూ నిలబడింది.

"లెక్కలు ఆడిటర్ సూసేడు. కమిటీ సూసింది. ఇంక నీకు కూడా సూపించాలా? బ్యాలెన్స్ షీటు సదవడం వచ్చేటి నీకు?"

"రాదు సార్. మీరే సదివి సెప్పండి."

ఆయన నవ్వాడు. ఆ నవ్వు కంటే తిట్టు నయం.

"మనదంతా ఒకే కుటుంబం అనుకున్నాను. ఇంట్లో ఎవులైనా లెక్కలడుగుతారా? ఇష్టం లేకపోతే మానీ. నీ కుర్చీకి పదిమంది కాసుకోని ఉన్నారు."

కుటుంబమట. జీతం పెంచమని అడిగిన రోజునే ఇలాంటి పెద్దమనుషులకు చుట్టరికం గుర్తొస్తుంది. మిగతా రోజుల్లో ఆమె పేరు కూడా సరిగ్గా పలకడు.

"అయితే ఇల్లు ఖాళీ సేత్తాం సార్," అని సమీనా టేబుల్ మీది ఖాళీ గ్లాసు తీసుకుని వెళ్లిపోయింది.

పనికిమాలిన దానితో పావుగంట పోయిందని విసుక్కుంటూ శ్రీరామ్మూర్తి బ్యాలెన్స్ షీటు మడిచి చంకలో పెట్టుకున్నాడు. మెట్లు దిగాడు. ఆయన్ని చూడగానే కింద గోల సద్దుమణిగింది.

మెడలో ఎర్ర కండువా సర్దుకుని, యూనియన్ ప్రధాన కార్యదర్శి శ్రీరామ్మూర్తి మైకులో అందుకున్నాడు: "కంపెనీ నష్టాల్లో ఉందంటే సరిపోదు కామ్రేడ్స్, ఓనరు కొత్త కారుకున్న డబ్బులు మన జీతాల కాడికొచ్చేసరికి ఏటైపోయాయో, లెక్కలు సూపించమనండి!"