ఆఫీసు పని వేడి

మా ఆయన కంప్యూటరు ఫ్యాన్ల రొదకు నా తల పగిలిపోయేది. "ఆఫీసు పని అంత బరువు మరి. ఆ ఫైళ్లు మొయ్యలేక మూలుగుతోంది," అనేవారు. పాపం అనుకుని తలుపు దగ్గరికి వేసి, టీ కూడా లోపలికే అందించేదాన్ని.

చివరికి పోయిన వారం మెకానిక్‌ని పిలిపించారు. ఆయన స్నానానికి వెళ్లిన సమయంలో మెకానిక్ పెట్టె విప్పి, తెరమీద బొమ్మలు నడిపించే గ్రాఫిక్స్ కార్డుకున్న మూడు చిన్న ఫ్యాన్లు పీకేసి, వేడి లాగేసే ఇటుకంత లోహపు దిమ్మ, దానికి రెండు పెద్ద ఫ్యాన్లు బిగించాడు.

"చిన్నవి పరుగులు పెడితేగాని గాలి చాలదమ్మా, అందుకే ఆ గోల. పెద్దవి నిదానంగా తిరిగినా సరిపోతుంది. వేడంతా పెట్టె వెనకనుంచి బయటికొచ్చేస్తుంది."

"ఆఫీసు ఫైళ్లకి అంత వేడేమిటి బాబూ?"

"ఫైళ్లకైతే ఈ ఫ్యాన్లు తిరగనే తిరగవమ్మా," అన్నాడు స్క్రూ బిగిస్తూ. "ఆటలాడితేనే."

ఆ రోజు నుంచి ఇల్లు నిశ్శబ్దమైపోయింది. "నీ తలనొప్పి కోసమే ఇదంతా," అని ఆయన రోజూ చెప్పుకుంటున్నారు. నేనూ రోజూ మెచ్చుకుంటున్నాను.

నాలుగు రోజులుగా ముసురు. ఉతికిన గుడ్డ ఒక్కటీ ఆరడం లేదు. ఇవాళ ఆయన గదిలోకి వెళ్లి, పెట్టె వెనక కుర్చీ వేసి, దానిమీద రెండు తడి తువ్వాళ్లు పరిచాను.

"ఇవిక్కడెందుకే?" అన్నారు ఆయన.

"ఏం లేదండీ. ఇవాళ ఆఫీసు పని కాస్త గట్టిగా చెయ్యండి. ఇవయ్యాక దుప్పటి కూడా ఉంది."